లోహానికి చేయి తొడిగితే...

ఇంట్లో మందుల డబ్బా ఓసారి తీసి చూడండి. తుమ్ములకీ, దురదలకీ వేసుకునే బిళ్లల అట్ట ఒకటి ఉండే ఉంటుంది. పాత రకమైతే దాని వెనక 'సెట్రిజిన్ 10 మిల్లీగ్రాములు' అని రాసి ఉంటుంది. కొత్త రకమైతే 'లెవోసెట్రిజిన్ 5 మిల్లీగ్రాములు' అని ఉంటుంది. రెండూ చేసే పని ఒకటే. మోతాదు మాత్రం సరిగ్గా సగం. ముందు 'లెవో' అని రెండక్షరాలు వచ్చి చేరగానే సగం మందు ఎక్కడికి పోయింది?

పోయింది దాదాపు పనిచేయని సగం. పాత బిళ్లలో రెండు రకాల అణువులు సగం సగం ఉంటాయి. రెండింటిలోనూ అవే పరమాణువులు, అవే బంధాలు, అంతే బరువు. తేడా ఏమిటంటే ఒకటి రెండోదానికి అద్దంలో బొమ్మ. మన రెండు చేతుల్లాగన్నమాట. కుడిచేతికీ ఎడమచేతికీ అయిదేసి వేళ్లే. కానీ ఒకదాని మీద ఒకటి బోర్లించి చూడండి, బొటనవేలు ఒకటి ఇటు, ఒకటి అటు పోతుంది. దండం పెట్టినప్పుడు కలుస్తాయి కదా అంటారేమో. అది ఎదురెదురుగా నిలబడటం. మనిషీ అద్దంలో బొమ్మా నిలబడ్డట్టే.

అణువులకుండే ఈ గుణాన్ని రసాయన శాస్త్రంలో కైరాలిటీ అంటారు. గ్రీకు భాషలో చేతికున్న పేరులోంచి పుట్టిన మాట. తెలుగులో 'చేతివాటం' అందామంటే మనవాళ్లకి వేరే అర్థం స్ఫురిస్తుంది! అందుకని ఈ వారానికి ఉత్త 'వాటం' అనే వాడుకుందాం. కుడివాటం అణువు, ఎడమవాటం అణువు.

ఇప్పుడు చెప్పుల సంగతి తీసుకోండి. కరెంటు పోయిన రాత్రి గుమ్మం బయట తడుముకుంటూ చెప్పుల్లో కాళ్లు పెడతాం. ఎడమ చెప్పులో కుడికాలు దూరితే కళ్లతో చూడకుండానే తెలిసిపోతుంది. కాలికి వాటం ఉంది కాబట్టే చెప్పు వాటం తెలిసింది. అదే కాలిని గోనెసంచిలో పెడితే? కుడా ఎడమా అన్న ప్రశ్నే రాదు. గోనెసంచికి వాటం లేదు మరి. వాటం ఉన్నదానికే వాటం తెలుస్తుంది. ఈ ఒక్క ముక్క గుర్తుంచుకుంటే చాలు, మిగతా కథంతా దీని మీదే నడుస్తుంది.

మన ఒంట్లో ప్రోటీన్లన్నీ అమైనో ఆమ్లాలనే పూసలతో గుచ్చిన దండలు. ఈ పూసలు ప్రధానంగా 20 రకాలు. వాటిలో గ్లైసిన్ ఒక్కదానికి ఏ వాటమూ లేదు. మిగతావన్నీ ఎడమవాటమే. చీమ నుంచి ఏనుగు దాకా, గడ్డిపరక నుంచి మర్రిచెట్టు దాకా అంతే. అందుకే ఒంట్లోకి వచ్చిన ప్రతి అణువు వాటమూ ఒంటికి తెలుస్తుంది. ముక్కుకి కూడా తెలుస్తుంది. పచ్చడి చేసుకునే పుదీనాని నలిపితే వచ్చే వాసనలో ముఖ్యమైన పదార్థం కార్వోన్. షాజీరాకి దగ్గరి చుట్టమైన కారవే గింజల ఘాటు వాసనా కార్వోన్‌దే. ఒకదానికొకటి అద్దంలో బొమ్మలు, అంతే తేడా. ముక్కులోని ప్రోటీన్లు మాత్రం ఇది పుదీనా, అది గింజ అని క్షణంలో చెప్పేస్తాయి.

చింతపండు పులుపులోంచి

ఈ వాటం సంగతి మొదట బయటపెట్టినవాడు లూయీ పాశ్చర్. పిచ్చికుక్క కాటుకి టీకా కనిపెట్టిన పాశ్చరే. అది చాలా తర్వాతి మాట. 1848లో ఆయనకి 25 ఏళ్లు. ప్యారిస్‌లో చిన్న పరిశోధకుడు. ద్రాక్షసారా పీపాల అడుగున పేరుకునే టార్టారిక్ ఆమ్లం మీద పనిచేస్తున్నాడు. మన చింతపండు పులుపులో ముఖ్యపాత్ర దీనిదే. అదే రకం అణువులున్న మరో ఆమ్లం కూడా అప్పటికి దొరికింది కానీ, దాని ద్రావణం కాంతితలాన్ని ఎటూ తిప్పేది కాదు. మామూలు టార్టారిక్ ఆమ్లమేమో తిప్పుతుంది. ఎందుకిలా?

పాశ్చర్ ఆ రెండో ఆమ్లపు లవణాన్ని స్ఫటికాలుగా పేర్చి భూతద్దం కింద పెట్టాడు. కొన్నింటి అంచు కుడివైపు చెక్కినట్టుంది, కొన్నింటికి ఎడమవైపు. పట్టకారు తీసుకుని ఒక్కో పలుకూ ఏరి రెండు కుప్పలు పోశాడు. మనింట్లో బియ్యంలో రాళ్లేరినట్టే. ఒక కుప్పని నీళ్లలో కరిగిస్తే కాంతి కుడికి తిరిగింది. రెండోది ఎడమకి తిప్పింది. సమానంగా కలిపితే ఎటూ తిరగలేదు. అన్నట్టు, ఈ లవణం ఇలా రెండు రకాల పలుకులుగా విడిపోయేది సుమారు 27 డిగ్రీల లోపు చల్లదనంలోనే. వేడి అంతకన్నా పెరిగితే రెండు వాటాలూ ఒకే పలుకులో కలిసిపోతాయి. ఇదే ప్రయోగం వేసవిలో ఏ విజయవాడలోనో మొదలుపెట్టి ఉంటే పట్టకారుకి పనే ఉండేది కాదు!

పాశ్చర్‌లా ఏరుకోవడం అన్నింటికీ కుదరదు. అసలు చిక్కు ఎక్కడంటే, ప్రయోగశాలలో గాజు బుడ్డీ గోనెసంచి లాంటిది. దానికి వాటం లేదు, అందులో పోసే మామూలు రసాయనాలకీ ఉండదు. కాబట్టి వాటం ఉన్న అణువుని అందులో కొత్తగా పుట్టిస్తే సగం కుడి, సగం ఎడమ వస్తాయి. బొమ్మా బొరుసూ వేసినట్టు. మనకి కావలసింది ఒకటే అయితే సరుకులో సగం, ఖర్చులో సగం, శ్రమలో సగం కాలవలోకే.

పారబోయడంతో పోతే ఫరవాలేదు. కొన్నిసార్లు ఆ రెండో సగం కీడు చేస్తుంది. థాలిడోమైడ్ పేరు చాలామంది వినే ఉంటారు. 1957లో పశ్చిమ జర్మనీలో అమ్మకానికి వచ్చిన నిద్రమందు. కడుపుతో ఉన్నవాళ్లు వేవిళ్లకి కూడా వాడారు. 1961 చివర్లో దాన్ని వెనక్కి తీసుకునేసరికి ప్రపంచంలో పదివేల మందికి పైగా పిల్లలు కాళ్లూ చేతులూ సరిగా ఏర్పడకుండా పుట్టారు. 'ఒక వాటం మంచిదే, రెండోదే విషం, విడదీసి అమ్మితే సరిపోయేది' అని ఈ కథని చాలాచోట్ల రాస్తుంటారు. అది సగం నిజమే. థాలిడోమైడ్ ఒక వాటం నుంచి ఇంకో వాటానికి ఒంట్లోనే మారిపోతుంది. విడదీసి ఇచ్చినా ఆ పిల్లలకి రక్షణ ఉండేది కాదు. 1992లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఇలాంటి అణువుల్లో రెండు వాటాల సంగతీ విడివిడిగా తేల్చి చెప్పమని కంపెనీలకి మార్గదర్శకాలిచ్చింది. లెవోలూ, 'ఎస్'లూ మందుల షాపుల్లో ఎక్కువైంది ఆ తర్వాతే.

అలాగని 'లెవో', 'ఎస్' అని కనబడ్డ ప్రతిదీ గొప్పదనుకోకండి. కడుపులో మంటకి వేసుకునే ఒమెప్రజోల్‌కి పేటెంటు గడువు ముగిసే రోజుల్లోనే దాని ఒక్క వాటంతో ఎసొమెప్రజోల్ మార్కెట్లోకి దిగింది. ఒమెప్రజోల్ రెండు వాటాలూ కడుపులో చివరికి ఒకే రూపానికి మారి పనిచేస్తాయి. తేడా, శరీరం వాటిని ఎంత త్వరగా కరిగించి పంపేస్తుందన్నదాంట్లోనే. వైద్యంకన్నా వ్యాపారం పాలే అందులో ఎక్కువని నా అభిప్రాయం. కానీ దాన్ని తయారుచేసిన పద్ధతి ముచ్చటైనది. టైటానియం లోహానికి టార్టారిక్ ఆమ్లంలోంచి వచ్చిన పదార్థాన్ని తొడిగి, ఆ జంటని ఉత్ప్రేరకంగా వాడారు. పాశ్చర్ పట్టకారుతో ఏరిన ఆ పులుపే!

ఊతం లోహానిది, వాటం తొడుగుది

ఉత్ప్రేరకం అంటే తను ఖర్చుకాకుండా పని జరిపించేది. పాలలో తోడు లాంటిదని స్కూల్లో చెప్పేవారు, పోలిక పూర్తిగా అతకదు కానీ గుర్తుండటానికి పనికొస్తుంది. రోడియం, రాగి, టైటానియం లాంటి లోహాలు ఈ పనిలో దిట్టలు. అణువుని పట్టుకుంటాయి, బంధాన్ని సడలిస్తాయి, కొత్త బంధం పడగానే వదిలేస్తాయి. కానీ లోహపు పరమాణువు గోళీకాయ లాంటిది. గోళీకి కుడీ ఎడమా ఉండవు. కాబట్టి దానికి వాటం ఉన్న తొడుగొకటి తొడగాలి. రసాయన శాస్త్రజ్ఞులు దీన్ని లిగాండ్ అంటారు. మనం తొడుగనే అందాం.

దీన్ని ఫ్యాక్టరీలో నిలబెట్టి చూపించినవాడు విలియం నోల్స్. అమెరికాలో సెయింట్ లూయీ నగరంలోని మోన్‌శాంటో కంపెనీలో పనిచేసేవాడు. చేతులు వణికే పార్కిన్సన్ జబ్బుకి డోపా అనే అమైనో ఆమ్లం మందు. ఎడమవాటం డోపా మాత్రమే పనిచేస్తుంది. కుడివాటం పనిచేయకపోగా రక్తంలో తెల్లకణాలు పడిపోవడం లాంటి బాధలు తెస్తుందని తేలింది. ప్రకృతిలో ఎడమవాటం డోపా మనకి తెలిసిన చోటే ఉంది. పల్లెల్లో పుట్టినవాళ్లకి దూలగొండి పేరు వింటేనే ఒళ్లు దురద పుడుతుంది కదా, ఆ దూలగొండి గింజల్లో. 1937లోనే మద్రాసులో దామోదరన్, రామస్వామి అనే పరిశోధకులు ఆ గింజల్లోంచి దాన్ని వేరుచేశారు. కానీ ప్రపంచంలో రోగులందరికీ గింజలతో సరిపెట్టలేం. నోల్స్ బృందం రోడియానికి వాటం ఉన్న భాస్వరపు తొడుగు తొడిగి, వందకి 97 పాళ్ల దాకా కావలసిన వాటమే వచ్చేలా 1970లలో ఫ్యాక్టరీలో తయారుచేసింది. దీనికే 2001లో ఆయనకి నోబెల్ వచ్చింది. జపాన్‌కి చెందిన నొయోరి, అమెరికాకి చెందిన షార్ప్‌లెస్ అందులో భాగస్తులు. టైటానియానికి టార్టారిక్ తొడుగు తొడగడం షార్ప్‌లెస్ నేర్పిన విద్యే.

మరి సమస్య తీరిపోయినట్టేనా? తీరలేదు. ప్రతి కొత్త మందుకీ కొత్త తొడుగు కావాలి. డోపాకి సరిపోయింది ఇంకోదానికి సరిపోదు. ఒక తొడుగుని చిన్నగా మార్చాలన్నా మొదట్నుంచీ అయిదారు మెట్లు ఎక్కి తయారుచేసుకోవాలి. అదీగాక ఏ మార్పు చేస్తే ఏమవుతుందో ముందుగా చెప్పడం చాలా కష్టం. ఎందుకు కష్టమో ఒక చిన్న లెక్క చూడండి.

కుడి అణువు పుట్టే దారి ఒకటి, ఎడమ అణువు పుట్టే దారి ఒకటి. రెండూ చిన్న మెట్టలెక్కి దిగాల్సిన దారులే. ఒక మెట్ట ఎత్తు కాస్త ఎక్కువైతే జనం రెండోదాంట్లో పోతారు. వందలో 99 అణువులు ఒకే దారిన పోవాలంటే, మామూలు గది వేడిమి దగ్గర, ఆ రెండు మెట్టల ఎత్తులో తేడా సుమారు 2.7 కిలోకేలరీలు ఉంటే చాలు. ఇదెంత? ఈథేన్ అనే వాయువులో రెండు కార్బన్ల మధ్య బంధాన్ని తెంచాలంటే 80 కిలోకేలరీలకి పైనే కావాలి. తెంచకుండా ఊరికే మెలి తిప్పాలన్నా సుమారు 3 కావాలి. అంటే ఒక బంధం మెలి తిరగడానికయ్యే ఖర్చుకన్నా తక్కువ తేడాతో మందు స్వచ్ఛమైనదో కాదో తేలిపోతుంది. తొడుగులో ఓ చివర ఎక్కడో ఒక చిన్న గుంపు అటునుంచి ఇటు జరిగితే చాలు, 99 కాస్తా 70కి పడిపోతుంది. కాగితం మీద అంత సూక్ష్మంగా అంచనా వేయడం ఎంత గొప్పవాడికైనా కష్టమే. తెలివితో పాటు ఓపిగ్గా వెతకడం కూడా కావాలి. వెతకాలంటే తొడుగుని తేలిగ్గా మార్చుకోగలగాలి.

పూసలు మార్చి చూద్దాం

తేలిగ్గా మార్చుకునే తొడుగు ప్రకృతి దగ్గర ఎప్పుడో ఉంది. మన కాలేయంలో సారాయిని విరిచే ఎంజైములో జింకు ఉంటుంది. జింకు గోళీయే. దాని చుట్టూ వందల అమైనో ఆమ్లాల దండ ఉండలా చుట్టుకుని లోహానికి చేయి తొడిగినట్టుంటుంది. అదే ఎంజైము. దీన్ని చూసి, మన లోహాన్ని ప్రోటీన్లో కూర్చోబెడితే ఏమవుతుందని జార్జి వైట్‌సైడ్స్ 1978లో ప్రయత్నించాడు. ఆయన వాడిన ప్రోటీను ఎవిడిన్, కోడిగుడ్డు తెల్లసొనలో ఉంటుంది. బయోటిన్ అనే విటమినుని వదలకుండా పట్టుకోవడం దాని గుణం. బయోటిన్‌కి రోడియం కట్టి ఎవిడిన్ చేతిలో పెట్టారు. ఒక వాటం ఎక్కువగా వచ్చింది, కానీ మందుకి పనికొచ్చేంత కాదు. దారి మాత్రం తెరుచుకుంది.

పెద్ద ప్రోటీనుతో చిక్కేమిటంటే, అందులో ఒక పూస మార్చాలంటే జన్యువుల దగ్గర్నుంచి మొదలెట్టాలి. మరి రెండు మూడు పూసలో, తొమ్మిది పదో పూసలో ఉన్న చిన్న దండతో సరిపెట్టలేమా? ఆ చిన్న దండనే పెప్టైడ్ అంటారు. దీన్ని తయారుచేయడం రసాయన శాస్త్రంలో బాగా అలవాటైన పని. రాబర్ట్ మెరిఫీల్డ్ 1963లో ఓ సులువు కనిపెట్టాడు (1984లో ఆయనకి నోబెల్ వచ్చింది). బొంబాయి రవ్వ పలుకంత రెజిన్ గుళిక మీద మొదటి పూస అంటిస్తారు. దాని మీద రెండోది, మూడోది. ప్రతిసారీ మిగిలిపోయిన రసాయనాలు కడిగేస్తే పోతాయి, దండ మాత్రం గుళికని అంటుకునే ఉంటుంది. ఒక పూస బదులు ఇంకోటి పెట్టాలంటే ఆ మెట్టు దగ్గర వేరే సీసా తీస్తే సరి. పైగా గ్లైసిన్ తప్ప పూసలన్నీ వాటం ఉన్నవే, అదీ చవగ్గా, ప్రకృతి ఇచ్చినవే.

1996లో అమెరికాలో బోస్టన్ కాలేజీకి చెందిన అమీర్ హొవేదా, మార్క్ స్నాపర్ బృందం టైటానియానికి ఇలాంటి పొట్టి పెప్టైడ్ తొడుగు తొడిగింది. తొడుగులో మార్చగల చోట్లు మూడు. ఒక్కో చోట 20 రకాలు పెట్టి చూడాలంటే 20 ఇంటూ 20 ఇంటూ 20, మొత్తం 8,000 తొడుగులు. వాళ్లు అన్నీ చేయలేదు. రెండు చోట్లు అలాగే ఉంచి ఒక చోటే మార్చి చూశారు. మంచిది దొరికాక దాన్ని అక్కడ నిలిపి, రెండో చోటికి వెళ్లారు. ఈ లెక్కన 60 ప్రయోగాలతో పనైపోతుంది. మనింట్లో పులుసుకి ఉప్పు సరిచూసుకుని, ఆ తర్వాత పులుపు, ఆ తర్వాత కారం చూసుకోవడం ఇదే కదా. ఈ పద్ధతిలో ఓ లొసుగుంది. ఉప్పు మారినప్పుడు పులుపు రుచీ మారుతుంది. విడివిడిగా చూసుకుంటూ పోతే ఆ రెండూ కలిసి కుదిరే జోడీ తప్పిపోవచ్చు. అయినా 8,000 చేసే ఓపికా డబ్బూ లేనప్పుడు ఇదే నయం. తర్వాతి ఏళ్లలో వాళ్లు రాగి లాంటి ఇతర లోహాలకీ ఇలాంటి తొడుగులు కుట్టారు.

దండ పొడుగైతే ఇంకో తలనొప్పి. పొట్టి పెప్టైడ్ తడి దారం లాంటిది, ఎటంటే అటు వంగుతుంది. వంగినచోట లోహం ఒకలా ఉంటే, నిలబడ్డచోట ఇంకోలా ఉంటుంది. కిలోకేలరీల్లో తేడా తేవాలనుకున్నప్పుడు ఈ ఊగిసలాట పనికిరాదు. అమైనో ఆమ్లాల దండ ఎన్ని రకాలుగా వంగగలదు, ఎలా అసలు వంగలేదు అన్నదానికి దేశపటం గీసినట్టు పటం గీసింది మనవాళ్లే. 1963లో మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్, రామకృష్ణన్, శశిశేఖరన్ ఆ పని చేశారు. రామచంద్రన్ పటం అన్న పేరుతో ప్రపంచంలో జీవరసాయన శాస్త్రం చదివే ప్రతి విద్యార్థీ ఇప్పటికీ దాన్ని నేర్చుకుంటాడు. పెప్టైడ్ తొడుగులు కుట్టేవాళ్లకి టేపు లాంటిదది. ఎక్కడ ఏ పూస పెడితే దండ మలుపు తిరిగి బిగుసుకుంటుందో దాన్నిబట్టి అంచనా వేస్తారు.

టెక్సస్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో జాకరీ బాల్ బృందం 2010లో చేసింది ఈ వరసలో నాకు బాగా నచ్చిన పని. ప్రోటీన్లలో దండ తరచూ జంతిక చుట్టలా మెలి తిరుగుతుంది. ఒక్కో చుట్టుకి 3.6 పూసలు పడతాయి. అంటే ఒక పూస, దాని తర్వాత నాలుగోది దాదాపు ఒకే వైపుకి వస్తాయన్నమాట. ఆ రెండు చోట్లా ఆస్పార్టిక్ ఆమ్లం అనే పూసలు పెడితే, వాటి కొసలు రెండూ ఒకేవైపుకి చాచి ఉంటాయి. రోడియం పరమాణువుల జంటని ఆ రెండు కొసల మధ్య ఇరికించారు. అప్పుడు జరిగే తమాషా చూడండి. లోహానికి తొడుగు దొరికింది. ఇటు పొట్టి దండకేమో జడకి క్లిప్పు పెట్టినట్టు లోహమే పట్టు ఇచ్చింది, చుట్ట విప్పుకోకుండా నిలిచింది. ఎవరు ఎవరికి ఊతమో చెప్పడం కష్టం.

తొమ్మిది పూసల దండ అనుకోండి. రెండు చోట్లు ఆస్పార్టిక్ ఆమ్లానికి పోగా ఏడు మిగిలాయి. ఒక్కో చోట 20 రకాలంటే 128 కోట్ల దండలు. రోజుకి వంద పరీక్షించినా 35 వేల ఏళ్లు పడుతుంది! అందుకే ముందు ఆలోచన, తర్వాత వెతుకులాట. లోహానికి దూరంగా ఉన్న పూసలు పెద్దగా లెక్కలోకి రావు. పక్కనున్నవాటినే మార్చుకుంటూ పోవాలి. దండని గుళిక మీంచి విప్పకుండానే, దానికి రోడియం తగిలించి, అక్కడే రసాయన చర్య జరిపించి ఫలితం చూసే పద్ధతిని వాళ్లు 2012లో ప్రకటించారు. కడిగి, విడదీసి, శుద్ధిచేసే శ్రమంతా తప్పింది.

అందులోనే ఇంకో పాత చిక్కుముడి కూడా వీడింది. మామూలుగా ఒక తొడుగు కుడివాటం మందు ఇస్తోందనుకోండి. మనకి ఎడమవాటం కావాలంటే ఆ తొడుగుకి అద్దంలో బొమ్మ తయారుచేయాలి. పెప్టైడ్లలో అది ఖర్చు వ్యవహారం. ప్రకృతి ధారాళంగా ఇచ్చేది ఎడమవాటం పూసలే, కుడివాటం పూసలు ఖరీదు. పెప్టైడ్ తొడుగు ఒక చేతికే అక్కరకొస్తుందని పెదవి విరిచేవాళ్లకి ఇది మంచి సాకు. బాల్ బృందం వెతకగా వెతకగా, అన్నీ ఎడమవాటం పూసలతోనే కట్టిన రెండు వేర్వేరు దండలు దొరికాయి. ఒకటి ఒక వాటం ఇచ్చింది, రెండోది దాని అద్దంలో బొమ్మని ఇచ్చింది. ముందుగా ఎవరూ ఊహించి కట్టింది కాదు, వెతికితే దొరికింది. మనిషి లెక్కకి అందనిది ఆ పూసల వరసలో దాగుందన్నమాట.

ఇంతా చేసి, ఈ తొడుగులు మందుల ఫ్యాక్టరీల్లోకి వచ్చాయా అంటే, పెద్ద పాత్రల దగ్గర ఇప్పటికీ రాజ్యమేలుతున్నవి నోల్స్ తరహా చిన్న తొడుగులూ, ఎంజైములూ. షుగరు వ్యాధికి వాడే సిటాగ్లిప్టిన్ కథ వింటే పోటీ ఎంత గట్టిదో తెలుస్తుంది. 2022లో పేటెంటు గడువు ముగిశాక మన దేశంలో చాలా కంపెనీలు చవగ్గా అమ్ముతున్న మందే అది. మొదట్లో మెర్క్ కంపెనీ దీన్ని రోడియంతోనే చేసేది. కొడెక్సిస్ అనే సంస్థతో కలిసి ఒక ఎంజైముని తీసుకుని, పూసలు మార్చుతూ, మంచివాటిని ఏరుతూ, 27 చోట్ల మార్పులు చేశాక రోడియం అక్కర్లేకుండా పోయింది. 2010లో ఆ వివరాలు బయటపెట్టారు. ఇలా ఎంజైములకి పరిణామం నేర్పే విద్యకి ఫ్రాన్సెస్ ఆర్నాల్డ్‌కి 2018లో నోబెల్ వచ్చింది. లోహమే అక్కర్లేదన్నవాళ్లూ ఉన్నారు. ప్రోలిన్ అనే ఒకే ఒక్క పూసతో వాటం తెప్పించవచ్చని 2000లో చూపించిన బెంజమిన్ లిస్ట్, అదే బాటలో నడిచిన డేవిడ్ మెక్‌మిలన్ 2021లో నోబెల్ పంచుకున్నారు.

అయితే ఎంజైముకి పెద్ద ఆస్తి ఉన్నట్టే పెద్ద పట్టింపులూ ఉన్నాయి. ప్రకృతిలో లేని రసాయన చర్యలు చేయించాలంటే బతిమాలాలి. కటువైన ద్రావణాల్లో చాలావాటికి చేతులాడవు. చిన్న తొడుగులకేమో దూరపుచూపు తక్కువ, లోహాన్ని ఆనుకుని ఉన్నదాన్నే సరిచేయగలవు. ఈ రెంటి మధ్యా పెప్టైడ్‌కి చోటుంది.

అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయంలో స్కాట్ మిల్లర్ ఆ చోటునే పట్టుకున్నాడు. 1998 నుంచీ లోహం లేకుండానే పొట్టి పెప్టైడ్లతో ఉత్ప్రేరకాలు కడుతూ వచ్చిన మనిషి. 2016లో ఆయన బృందం గ్వానిడీన్ అనే నత్రజని గుంపు తగిలించిన పెప్టైడ్‌ని రాగికి తొడిగింది. రోడియంతో పోలిస్తే రాగి ఎంత చవకో చెప్పక్కర్లేదు, మన బిందెల లోహమే. వాళ్లు ఎంచుకున్న అణువు త్రాసు లాంటిది. నడుమ ఒక కార్బన్, అటొక వలయం, ఇటొక వలయం, రెండూ అచ్చం ఒకేలాంటివి. ఒక వలయాన్ని మారిస్తే నడుమ కార్బన్‌కి వాటం వచ్చేస్తుంది. ఎడమ పళ్లెం మార్చితే ఒక వాటం, కుడి పళ్లెం మార్చితే ఇంకోటి. చిక్కంతా ఎక్కడంటే, పని జరిగేది వలయం చివర, వాటం తేలేది దూరంగా నడుమ. చిన్న తొడుగుకి అంత దూరం చేయి అందదు. పెప్టైడ్ మాత్రం ఒక కొసతో రాగిని పట్టుకుని, రెండో వైపు మలుపు తిరిగి, అణువుని ఇంకో చోట అదిమి, రెండు పళ్లేల్లో ఏది ఏదో గుర్తుపట్టగలిగింది.